నిప్పురవ్వకు ముహూర్తము

రేడియో ముందు కూర్చుండి సంగీత కచేరీ వినుచున్న సమయమున వీధిలో ఒక మోటారు సైకిలు పోవుట, వెంటనే రేడియోలో చిటపటమని రొద పుట్టి, బండి దూరమైన కొలది అణగిపోవుట మన పాఠకులలో నడివయసు దాటిన వారందరకు అనుభవమే. ఆ రొద రేడియో దోషము కాదు. ఇంజనులో నిప్పురవ్వ దూకినప్పుడెల్ల ఒక చిన్న విద్యుదయస్కాంత తరంగము నలుదిక్కులకు వ్యాపించును. 1887లో జర్మనీలో హైన్రిక్ హెర్ట్జ్ అట్టి రవ్వతోనే రేడియో తరంగములను పుట్టించి చూపెను. అందుకై ఆయన ఉపయోగించిన రుమ్‌కార్ఫ్ తీగచుట్ట వంటి దానినే, 1860లో పారిస్ నగరమున ఎతియెన్ లెన్వార్ తన గ్యాసు ఇంజనులో రవ్వ పుట్టించుటకు వాడియుండెను. కనుక మన రేడియోకును మోటారు కారుకును దగ్గరి చుట్టరికము కలదు. ఆ చుట్టరికమును పురస్కరించుకొని ఇంజనులోని నిప్పురవ్వ చరిత్రను ఈ ప్రసంగములో చెప్పదలచినాము.

ఈ చరిత్ర అంతయు ఒక్క ప్రశ్న చుట్టు తిరుగును: రవ్వ ఏ క్షణమున పడవలెను? మన వాడుకలో చెప్పవలెనన్న, రవ్వకు ముహూర్తము ఎవరు పెట్టవలెను? ముహూర్తము తప్పినప్పుడు నష్టపడినది ఎవరు?

ముందుగా ముహూర్తము యొక్క అవసరమును తెలిసికొందము. సిలిండరులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమమును పిస్టన్ పైకి పోవుచు అదుమును. అదిమిన మిశ్రమమునకు ప్లగ్గు నిప్పంటించును. మండిన వాయువు ఉబ్బి పిస్టనును క్రిందికి నెట్టును. ఆ నెట్టుటయే బండికి బలము. పిస్టన్ పై కొసకు చేరిన తరువాత రవ్వ పడిన చాలునని మనకు తోచును. కాని మిశ్రమము అంతయు ఒక్కసారిగా పేలదు. గడ్డివామికి ఒక మూల నిప్పంటుకొని రెండవ మూలకు ప్రాకినట్లు, మంట ప్లగ్గు వద్ద మొదలై సిలిండరు గోడల వరకు ప్రాకవలెను. అందుకు సెకనులో వెయ్యవ వంతులు రెండు మూడు పట్టును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనులో క్రాంకు ఒక్కొక్క వెయ్యవ వంతు సెకనుకు 18 డిగ్రీలు తిరుగును. అట్టి వంతులు రెండు గడచులోపల 36 డిగ్రీలు తిరిగిపోవును. అదే ఇంజను 600 చుట్లతో నెమ్మదిగా ఆడుచున్నప్పుడు అంత కాలములో తిరుగునది 7 డిగ్రీలు మాత్రమే. అందువలన పిస్టన్ కొసకు చేరుటకు ముందే రవ్వ పడవలెను. వేగము హెచ్చిన కొలది ఇంకను ముందుగా పడవలెను.

ఉయ్యాల ఊపు తల్లికి ఈ సూక్ష్మము ఎవరును నేర్పనక్కరలేదు. ఉయ్యాల తన వైపు వచ్చుచుండగనే నెట్టినచో చేయి నొచ్చును. దూరముగా పోయిన తరువాత నెట్టినచో ఆ నెట్టు వృథా. ఇంజనులోను అంతే. రవ్వ మరీ ముందుగా పడినచో పైకి వచ్చుచున్న పిస్టనుకే దెబ్బ తగులును. ఆలస్యమైనచో మంట బలము బండికి దక్కక, పొగగొట్టము వెంట వేడిగా బయటికి పోవును.

తొలినాటి ఇంజనులకు ఈ చిక్కు అంతగా తెలియదు. అవి మెల్లగా తిరుగునవి. 1876లో నికొలస్ ఒట్టో తన నాలుగు ఘట్టముల ఇంజనులో రవ్వకు బదులు చిన్న మంటనే లోనికి చూపెను. గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ అనువారు 1885 నాటి తమ ఇంజనులో బయటినుండి ఎర్రగా కాల్చిన గొట్టముతో మిశ్రమమును అంటించిరి. ఆ పద్ధతిలో ముహూర్తమును మార్చుకొను వీలు లేదు. పెట్రోలు బండిలో ఎల్లప్పుడును మంట ఒకటి మండుచుండవలెను. కార్ల్ బెంజ్ మాత్రము విద్యుత్తునే నమ్ముకొనెను. 1886 జనవరి 29వ తేదీన ఆయన పేటెంటుకు దరఖాస్తు చేసిన మూడు చక్రముల బండిలో రవ్వ తీగచుట్టనుండి పుట్టుచుండెను. మరుసటి సంవత్సరము స్టుట్‌గార్ట్ నగరమున రాబర్ట్ బాష్ అను యువకుడు తన చిన్న కార్ఖానాలో, కదలక ఒకచోటనే పనిచేయు ఇంజనుకు మాగ్నెటో నిర్మించెను. 1902లో ఆయన వద్ద పనిచేయు గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధము చేసెను. రవ్వను ఇచ్చ వచ్చిన క్షణమున పుట్టించు సాధనము చేతికి వచ్చినది. ఇక ఆ క్షణమును నిర్ణయించువాడు కావలెను.

మొదటి నిర్ణేత డ్రైవరే. 1908లో బయలుదేరి 1927 వరకు ఒకటిన్నర కోటికి మించి తయారైన ఫోర్డు మోడల్ టి కారులో స్టీరింగు చక్రము క్రింద రెండు మీటలు ఉండెడివి. కుడివైపుది పెట్రోలుకు, ఎడమవైపుది రవ్వకు. రోడ్డు చదునుగా నుండి బండి వేగము పుంజుకొన్నప్పుడు డ్రైవరు ఎడమ మీటను క్రిందికి దించి ముహూర్తమును ముందుకు జరుపును. ఎత్తు ఎక్కునప్పుడు, ఇంజను మూలిగినప్పుడు, మరల పైకి నెట్టి వెనుకకు జరుపును. బండి ముందు నిలిచి చేతితో క్రాంకు త్రిప్పునప్పుడు ఈ మీట తప్పక పైననే ఉండవలెను. మరచినచో రవ్వ ముందుగా పడి, పిస్టన్ వెనుదిరిగి, ఇనుప పిడి త్రిప్పువాని చేతిని కొట్టును. మణికట్టు వద్ద ఎముక విరుగు ఆ గాయము ఎంత సామాన్యమైపోయినదనగా, వైద్యులు దానికి డ్రైవరు విరుగుడు అను అర్థము వచ్చునట్లు షోఫర్ ఫ్రాక్చరు అని పేరే పెట్టిరి. ఎముకల వైద్యుల గ్రంథములలో ఆ పేరు నేటికిని నిలిచియున్నది. ముహూర్తము తప్పినందుకు మొదట మూల్యము చెల్లించినది త్రిప్పినవాని చేయి.

చేతితో త్రిప్పు బాధను తొలగించినవాడు అమెరికాలోని డేటన్ నగరవాసి చార్లెస్ కెటరింగ్. 1912 నాటి కాడిలాక్ కారుకు ఆయన విద్యుత్ స్టార్టరును సమకూర్చెను. అంతకు పూర్వమే ఆయన రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతి తరువాత అర్ధ శతాబ్దికి మించి ప్రపంచమందలి కార్లన్నిటికి ఆధారమైనది. పాయింట్లు, కండెన్సరు, కాయిలు, డిస్ట్రిబ్యూటరు అను పేర్లు మన ఊరి మెకానిక్కుల నోట కూడ నానిన మాటలే. క్రమముగా డిస్ట్రిబ్యూటరులోనే చిన్న బరువులను స్ప్రింగులతో అమర్చిరి. వేగము హెచ్చినప్పుడు ఆ బరువులు విచ్చుకొని రవ్వను ముందుకు జరుపును. కార్బురేటరు వద్దనుండి వచ్చు గాలి పీల్పుతో కదలు ఒక పలుచని పొర ఇంజను మీది భారమును గమనించి మరికొంత సవరించును. 1930ల నుండి డ్రైవరు చేతి మీట క్రమముగా మాయమైనది. నిర్ణయము మనిషి చేతినుండి స్ప్రింగుకు సంక్రమించినది.

అయినను స్ప్రింగుకు చెవులు లేవు. ఈ మాట మాకు బాల్యముననే అనుభవమునకు వచ్చినది. 1990 ప్రాంతమున మేము కుటుంబముతో ఒక అద్దె అంబాసిడరు కారులో శ్రీశైలము ఘాటురోడ్డు ఎక్కుచుంటిమి. మలుపు తిరిగి ఎత్తు ఎక్కునప్పుడెల్ల ఇంజనులోనుండి గులకరాళ్లను డబ్బాలో వేసి ఆడించినట్లు చప్పుడు వచ్చుచుండెను. డ్రైవరు కారును ప్రక్కకు ఆపి బానెట్టు ఎత్తెను. "ఇంజను కొట్టుకుంటా ఉంటే తొక్కగూడదు సార్, దాని మాట వినాల" అని మా నాన్నగారితో చెప్పి, డిస్ట్రిబ్యూటరు బిగింపును సడలించి, దానిని నూలుపోగంత త్రిప్పి మరల బిగించెను. దారిలో పోయించుకొన్న పెట్రోలులో కిరసనాయిలు కలిసియుండునని ఆయన అనుమానము. కారు కొంత మందముగా నడచినను ఆ చప్పుడు మరల రాలేదు. నూలుపోగంత త్రిప్పుట అనగా రవ్వను రెండు మూడు డిగ్రీలు వెనుకకు జరుపుట అని మాకు చాల కాలమునకు గాని తెలియలేదు.

ఆ చప్పుడునే నాకింగు అందురు. ప్లగ్గు వద్ద మొదలైన మంట చేరుటకు ముందే, దూరపు మూలనున్న మిశ్రమము ఒత్తిడికి, వేడికి తాళలేక తనంతట తానే భగ్గుమనును. సిలిండరు గోడలు సుత్తితో కొట్టినట్లు మ్రోగును. అట్లే కొనసాగినచో పిస్టనుకు చిల్లు పడుటయు కలదు. రవ్వ ముందుగా పడుట, పెట్రోలు నాసిగా నుండుట, మిశ్రమమును మరీ గట్టిగా అదుముట, ఈ మూడును నాకింగునకు కారణములు. దీనికి విరుగుడు వెదకుటలోనే మన కథ ఒక చీకటి మలుపు తిరిగినది.

కాడిలాక్ ఇంజనులలో ఈ చప్పుడు వినవచ్చినప్పుడు జనులు కెటరింగ్ గారి కొత్త ఇగ్నిషన్‌నే నిందించిరి. నింద తొలగించుకొనుటకు ఆయన తన సహాయకుడు థామస్ మిడ్‌గ్లీని పరిశోధనకు నియోగించెను. సంవత్సరముల తరబడి ఎన్నియో పదార్థములను పరీక్షించిన పిమ్మట, 1921 డిసెంబరు 9వ తేదీన, టెట్రా ఇథైల్ లెడ్ అను సీసపు ద్రవము పెట్రోలులో కొంచెము కలిపిన చప్పుడు పూర్తిగా అణగునని తేలినది. మద్యసారము కూడ నాకింగును తగ్గించునని వారికి తెలియును. కాని సీసము చాల కొద్దిగా చాలును, చౌక, పేటెంటుకు అనువు. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లో ఆ పెట్రోలు అమ్మకము మొదలైనది. దానికి పెట్టిన పేరు ఇథైల్. సీసము అను మాట ఆ పేరులో లేదు.

సీసము విషమని రోమనుల కాలమునుండి తెలిసినదే. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రమున బేవే శుద్ధి కర్మాగారములో ఆ ద్రవమును తయారు చేయు కార్మికులు భ్రాంతులతో కేకలు వేయుచు కుప్పకూలిరి, అయిదుగురు మరణించిరి. అదే నెలలో మిడ్‌గ్లీ విలేఖరుల యెదుట ఆ ద్రవముతో చేతులు కడుగుకొని, దాని ఆవిరిని పీల్చి, భయము లేదని చూపెను. అప్పటికే ఆయన ఒకమారు సీసపు విషమునకు గురియై విశ్రాంతి తీసికొని వచ్చినవాడు. కార్మికుల ఆరోగ్యమును గూర్చి జీవితమంతయు కృషి చేసిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ 1925లో జరిగిన ప్రభుత్వ సమావేశమున దీనిని ఎదిరించెను. కొంతకాలము నిలిచిన అమ్మకము 1926లో తిరిగి సాగినది; ప్రపంచమంతట వ్యాపించినది.

దీనికి అడ్డు నిలిచినవాడు రాళ్ల వయసు లెక్కించు ఒక శాస్త్రజ్ఞుడు. కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయు క్లేర్ పాటర్సన్ సీసమును కొలిచి, భూమి వయసు సుమారు 455 కోట్ల సంవత్సరములని 1956లో ప్రకటించెను. ఆ కొలతలకు శుభ్రమైన గది కావలసివచ్చినది. ఏ గదిలో చూచినను, ఏ గాజు పాత్రలో చూచినను సీసమే. ఈ సీసము ఎక్కడిదని ఆయన వెదకుచు పోయి, 1965లో మనుష్యుని రక్తములోని సీసము ప్రకృతి సహజము కాదనియు, అది పరిశ్రమలనుండి, పెట్రోలునుండి వచ్చినదనియు వ్రాసెను. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అను పిల్లల వైద్యుడు పాఠశాల పిల్లల పాలపండ్లను సేకరించి, పండ్లలో సీసము హెచ్చుగానున్న పిల్లలు తెలివితేటల పరీక్షలలో వెనుకబడుచున్నారని చూపెను. ఇంజను చప్పుడు అణచుటకు చేసిన ఉపాయమునకు మూల్యము చెల్లించినది కారు ఎక్కినవారు మాత్రమే కాదు. రోడ్డు ప్రక్క ఇండ్లలో పెరిగిన పిల్లలు. మన దేశములో సీసపు పెట్రోలు 2000 సంవత్సరమున నిలిచినది. కార్లకు దానిని అమ్మిన చిట్టచివరి దేశము అల్జీరియా. అక్కడ 2021 జులైలో ముగిసినది. డేటన్ అమ్మకమునుండి లెక్కించిన, 98 సంవత్సరములు.

అదే విద్యాసంస్థలో మరియొక ఆచార్యుడు, ఆరీ హాగెన్-స్మిట్, 1950ల తొలి సంవత్సరములలో లాస్ ఏంజిలిస్ నగరమును కప్పుచున్న పొగమంచు రహస్యమును విప్పెను. బండ్లు విడుచు కాలని పెట్రోలు ఆవిరియు, నైట్రోజన్ ఆక్సైడులును ఎండలో కలిసి కండ్లు మండించు విషవాయువులగుచున్నవని ఆయన నిరూపించెను. చట్టములు వచ్చినవి. 1975 నుండి అమెరికా కార్లలో పొగను శుద్ధిచేయు కాటలిటిక్ కన్వర్టరు వచ్చి చేరినది. సీసము తగిలిన ఆ కన్వర్టరు చెడిపోవును. కనుక సీసము పోక తప్పలేదు. పైగా కన్వర్టరు సరిగా పనిచేయవలెనన్న, 1 కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి అను పాలు తప్పరాదు. కార్బురేటరు చేతిలో ఇంత ఖచ్చితము లేదు. లెక్క తెలిసిన యంత్రము అవసరమైనది.

ఆ యంత్రమునకు బీజము ముందే పడినది. బెండిక్స్ సంస్థ ఎలక్ట్రోజెక్టర్ అను పేరుతో విద్యుత్తుచే నడచు పెట్రోలు చిమ్మెడి పరికరమును 1958లో కొద్ది కార్లకు అమర్చెను. ఆనాటి భాగములు వేడికి, తేమకు నిలువలేదు. చాలవాటికి మరల కార్బురేటర్లనే బిగించిరి. ఆ పేటెంట్లను అనుమతితో వాడుకొని, 1967లో బాష్ సంస్థ ఫోక్స్‌వాగన్ 1600 కారుకు డి-జెట్రానిక్ అను పద్ధతిని సమకూర్చెను. 1976లో వోల్వో సంస్థ పొగగొట్టములో ఆక్సిజనును కనిపెట్టు సెన్సరును అమర్చెను. 1979లో బి.ఎం.డబ్ల్యు. 732ఐ కారులో మోట్రానిక్ అను పెట్టె వచ్చినది. పెట్రోలు ఎంత, రవ్వ ఎప్పుడు అను రెండు నిర్ణయములును ఆ ఒక్క కంప్యూటరే చేయసాగెను.

కంప్యూటరు ముహూర్తము పెట్టు విధము మన పంచాంగము చూచుట వంటిదే. దాని జ్ఞాపకములో ఒక పట్టిక ఉండును. అడ్డువరుసలలో ఇంజను వేగము, నిలువు వరుసలలో ఇంజను భారము. ఆ రెండును కలిసిన గడిలో ఇన్ని డిగ్రీలు అని అంకె. క్రాంకుకు తగిలించిన పండ్ల చక్రములో ఒకటి రెండు పండ్లు కావలెనని లేకుండ చేయుదురు. ఆ సందు ఎదుటికి వచ్చినప్పుడెల్ల పిస్టన్ ఎక్కడ ఉన్నదో కంప్యూటరుకు తెలియును. ఇంజను గోడకు బిగించిన మరియొక సెన్సరు నాకింగు చప్పుడును వినును. విన్నంతనే రవ్వను కొన్ని డిగ్రీలు వెనుకకు జరిపి, చప్పుడు అణగిన తరువాత మెల్లగా యథాస్థానమునకు తెచ్చును. 1978 నాటి బ్యూక్ టర్బో కారులో ఇట్టి సెన్సరు ఉన్నది. శ్రీశైలము దారిలో మా డ్రైవరు చేసిన పని ఇదే.

ఈ కంప్యూటరును సవరించువారు నేటికిని పాత క్రమమునే పాటింతురు. మొదట రవ్వను 10 డిగ్రీల వంటి ఒక అంకె వద్ద నిలుపుమని కంప్యూటరును ఆదేశింతురు. పిదప, రవ్వ పడినప్పుడెల్ల మెరయు టైమింగు లైటును క్రాంకు పుల్లీపై వేసి, అక్కడి గుర్తు కూడ 10 డిగ్రీలే చూపుచున్నదో లేదో పరిశీలింతురు. కంప్యూటరు నమ్మినదియు ఇనుము చెప్పినదియు ఏకము కానిచో తరువాతి అంకెలన్నియు అబద్ధములే. అది సరిపడిన పిదప పెట్రోలు పాలు సరిచూచి, చివరకు రవ్వను ఒక్కొక్క డిగ్రీ ముందుకు జరుపుదురు. ఇంజను బలము పెరుగుచు పోయి ఒకచోట నిలుచును. అక్కడనే ఆగవలెను. నాకింగు అంతకు ముందే వినవచ్చినచో ఇంకను వెనుకకు రావలెను. ఇంకొక్క డిగ్రీ అని ఆశపడినవారు పిస్టనులు కరగించుకొందురు.

అయితే పట్టిక వ్రాసినది మనిషే గదా. 2015 సెప్టెంబరు 18వ తేదీన అమెరికా పర్యావరణ సంస్థ ఒక విషయమును బయటపెట్టినది. ఫోక్స్‌వాగన్ డీజిలు కార్లలోని కంప్యూటరు తాను పరీక్షశాలలో ఉన్నానని గుర్తించినప్పుడు ఒక విధముగాను, రోడ్డు మీద మరియొక విధముగాను పొగ విడుచునట్లు వ్రాయబడియున్నది. డీజిలు ఇంజనుకు రవ్వ లేదు. నిర్ణయము చేయు పెట్టె మాత్రము అట్టిదే. ప్రపంచమున సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో ఆ వ్రాత ఉన్నదని సంస్థయే ఒప్పుకొనెను. ఇథైల్ అను పేరులో సీసమును దాచినట్లు, ఇచట పట్టికలో పొగను దాచిరి.

మన దేశములో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు వచ్చినవి. వానితో మోటారు సైకిళ్లలో, స్కూటర్లలో సహితము కార్బురేటరు దాదాపు అంతరించి, వాకిట నిలిపిన చిన్న బండిలో కూడ ముహూర్తము పెట్టునది కంప్యూటరే అయినది. 2023 ఏప్రిల్ 1 నుండి కార్లను పరీక్షశాలలోనే గాక నిజమైన రోడ్డు మీద నడిపించి పొగను కొలువవలెనను నియమము కూడ చేరినది. పట్టిక వ్రాసినవారి మాటను రోడ్డు మీద సరిచూచుట టైమింగు లైటుతో పుల్లీని సరిచూచుట వంటిదే. నూరు సంవత్సరముల క్రిందట డేటన్‌లో ఆ పని జరిగియున్నచో ఎందరో పిల్లల రక్తము శుభ్రముగా ఉండెడిది. ఆనాడు చప్పుడును అణచిరే గాని, అది చెప్పుచున్న మాటను వినలేదు. ఘాటురోడ్డు మీద మా డ్రైవరు ఒక్క మాటలో మాకు చెప్పినది అదియే.